వేళకు పడని బొమ్మ

ముప్పై ఏళ్లు గీసినా పూర్తికానిది ఒకటి. పూర్తయ్యాక నిప్పులో పోయింది మరొకటి. మన కథే అయినా మన హాళ్లకు 32 ఏళ్లు ఆలస్యంగా చేరింది ఇంకొకటి. రోజులు కాస్త అటూ ఇటూ అయి ఉంటే ఇవాళ యానిమేషన్ మేటి చిత్రాల్లో ముందు వరసలో చెప్పుకునే పేర్లు ఇవే!

ముప్పై ఏళ్లు గీసిన ఆ సినిమాలో దొంగ మాట్లాడడు. చెప్పులు కుట్టే కుర్రాడూ మాట్లాడడు. పని చేసుకుంటూ పెదాల మధ్య పట్టి ఉంచిన చిన్న మేకులే వాడి నవ్వూ దిగులూ. మనసు బాగుంటే అవి పైకి లేస్తాయి, బెంగపడితే కిందికి వాలతాయి. మాటలన్నీ జిగ్‌జాగ్ అనే మంత్రివి. నీలిరంగు ఒళ్లు, తలపాగా, వేళ్లకు ఉంగరాలు, నోరు విప్పితే అంత్యప్రాసలు. భయానక చిత్రాలతో పేరు మోసిన విన్సెంట్ ప్రైస్ ఆ పాత్రకు గొంతిచ్చారు.

కథ పిల్లల్ని పడుకోబెడుతూ చెప్పేంత సులువు. ఒక బంగారు నగరం. అందులో ఆకాశాన్నంటే మీనారు. దాని కొసన మూడు బంగారు బంతులు. అవి అక్కడ ఉన్నంతకాలం ఊరికి కీడు రాదు. దొంగ చూపు వాటి మీదే. సరిహద్దు అవతల ఒంటికన్ను సేన కాచుకుని కూర్చుంది. రాజుగారు ఎప్పుడు చూసినా కునుకు తీస్తూనే ఉంటారు. రాకుమార్తె మనసు చెప్పులు కుట్టే కుర్రాడి మీదికి మళ్లుతుంది.

సినిమా పేరు ‘ది థీఫ్ అండ్ ద కాబ్లర్’. దాన్ని తీసిన మనిషి అనుకున్న రూపంలో అది ఏనాడూ విడుదల కాలేదు. అయినా యానిమేషన్ పనిలో ఉన్నవాళ్లను కదిలిస్తే ఈ సినిమా గురించి చూసి వచ్చినంత వివరంగా చెబుతారు. ఏ దృశ్యం ఎవరు గీశారో, ఏది ఎన్నాళ్లు పట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో వాళ్లకు తెలుసు. లేని సినిమాకు ఇంత మంది ప్రేక్షకులు ఉండడం వెనక ఒక మనిషి సగం జీవితం ఉంది.

సెకనుకు 24

రిచర్డ్ విలియమ్స్ 1933లో కెనడాలోని టొరంటోలో పుట్టారు. చిన్నప్పుడు చూసిన డిస్నీ ‘స్నోవైట్’ ఆయన్ను జీవితాంతం వదల్లేదు. లండన్ చేరి, సొంత కష్టం మీద మూడేళ్లు గీసి తీసిన అరగంట చిత్రం ‘ద లిటిల్ ఐలండ్’ 1958లో బాఫ్టా అవార్డు తెచ్చిపెట్టింది. ఆ తర్వాత సోహో స్క్వేర్‌లో స్టూడియో పెట్టారు. 1964 ప్రాంతంలో ఇద్రీస్ షా సేకరించిన ముల్లా నస్రుద్దీన్ కథలకు బొమ్మలు వేసే పని వచ్చింది. గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చునే ఆ ముల్లాను తెలుగు పిల్లలూ ఎరుగుదురు. ఆ బొమ్మలు కదిలితే బాగుంటుందనుకోవడంతో సినిమా మొదలైంది.

కొన్నేళ్లు పని సాగాక 1970ల తొలినాళ్లలో షా కుటుంబంతో పేచీ వచ్చింది. ముల్లా కథలు చేజారిపోయాయి. అప్పటిదాకా గీసిన దాంట్లో ఎంతో భాగం అటకెక్కింది. దొంగ పాత్ర మాత్రం విలియమ్స్ సొంత కల్పన కాబట్టి మిగిలింది. వాడి చుట్టూ కొత్త కథ అల్లుకుని మళ్లీ మొదటి నుంచి గీయడానికి కూర్చున్నారు.

ఆయన పట్టుదల ఎంతటిదో అర్థం కావాలంటే చిన్న లెక్క చూడాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. యానిమేషన్‌లో మామూలుగా సెకనుకు 12 బొమ్మలు గీసి, ఒక్కోదాన్ని రెండేసి ఫ్రేములకు వాడతారు. కంటికి పెద్ద తేడా తెలియదు, సగానికి సగం పని తగ్గుతుంది. విలియమ్స్‌కు ఆ కొద్ది తేడా కూడా కనిపించేది. అందుకే వీలైనంతవరకు ప్రతి ఫ్రేముకూ వేరే బొమ్మ కావాలన్నారు. గంటన్నర సినిమాకు అలా లెక్కేస్తే 1,29,600 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో ఇద్దరు ముగ్గురు పాత్రలుంటే ఒక్కొక్కరికీ విడివిడిగా గీయాలి. ఇదంతా కంప్యూటర్ ముట్టుకోకుండా, పెన్సిలుతో.

పైగా ఆయన ఎంచుకున్న శైలి పర్షియన్ సూక్ష్మచిత్రాలది. ఆ చిత్రాల్లో దగ్గర, దూరం అన్న తేడా ఉండదు. తోట, మేడ, మనిషి, గుర్రం అన్నీ ఒకే తలం మీద పరిచి ఉంటాయి. ఆ చదునైన లోకంలో పాత్రల్ని పరుగెత్తించాలని ఆయన కోరిక. రాజభవనంలో కుర్రాడు దొంగను తరిమే దృశ్యం చూస్తే ఆ కోరిక ఎక్కడిదాకా వెళ్లిందో తెలుస్తుంది. నలుపు తెలుపు గళ్ల నేల, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియని మెట్లు, గోడ అనుకున్నది దారి, దారి అనుకున్నది గోడ. కెమెరా తిరుగుతున్నట్టే ఉంటుంది, నిజానికి కెమెరా కదల్లేదు. తిరిగినట్టు కనిపించేదంతా చేత్తో గీసిందే. నేను చూసిన చేతిగీత యానిమేషన్‌లో ఇంతకు మించిన సాహసం మరొకటి లేదని నిస్సంకోచంగా చెబుతాను.

ఇంత పని ఒక్కడి వల్ల కాదని ఆయనకు తెలుసు. అందుకే హాలీవుడ్ పాత తరం మేటి చేతుల్ని వెతికి లండన్ రప్పించారు. బగ్స్ బన్నీ, రోడ్ రన్నర్ బొమ్మలకు ప్రాణం పోసిన కెన్ హారిస్ దొంగను గీశారు. ‘స్నోవైట్’లో రాణిని గీసినవాడు, 1941లో డిస్నీ స్టూడియో సమ్మెకు ముందు నిలిచినవాడు ఆర్ట్ బాబిట్ వచ్చి కుర్ర కళాకారులకు పాఠాలు చెప్పారు. బెట్టీ బూప్ సృష్టికర్త గ్రిమ్ నాట్విక్ కూడా ఆ బల్లల దగ్గర కూర్చున్నారు. ఈయన 1890లో పుట్టి నూరేళ్లు బతికిన మనిషి. తెర మీద బొమ్మ కదలడం నేర్చిన తొలి తరం తన విద్యను చివరి తరానికి నేరుగా చేతిలో పెట్టింది సోహో స్క్వేర్‌లోనే. సినిమా సంగతి ఎలా ఉన్నా, ఆ స్టూడియో ఒక గురుకులం అయింది.

గురుకులం నడవాలంటే డబ్బు కావాలి. పగలు వాణిజ్య ప్రకటనలు, ‘పింక్ పాంథర్’ చిత్రాల టైటిళ్లు. 1971 నాటి ‘ఎ క్రిస్మస్ కరోల్’ ఆస్కార్ తెచ్చింది. అలా వచ్చిందంతా దొంగకూ, చెప్పులు కుట్టే కుర్రాడికే ధారపోశారు. 1970ల చివర్లో ఒక సౌదీ రాకుమారుడు ముందుకొచ్చి, ముందు ఒక దృశ్యం తీసి చూపించమన్నారు. విలియమ్స్ ఎంచుకున్నది అన్నిటికన్నా కష్టమైన దృశ్యం. కొండంత యుద్ధయంత్రం ముక్కలు ముక్కలుగా కూలుతుంటే, చక్రాల మధ్య నుంచి, బాణాల వానలోంచి, బంగారు బంతి తప్ప మరేదీ కంటికి ఆనని దొంగ తాపీగా నడిచి వస్తాడు. దృశ్యం అద్భుతంగా వచ్చింది. గడువూ ఖర్చూ రెండూ దాటిపోయాయి. రాకుమారుడు తప్పుకున్నారు.

ఆ దృశ్యమే తర్వాత ఆయన రాత మార్చింది. అది చూసినవాళ్లకు ఈ మనిషి చేతిలో ఏముందో తెలిసింది. ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’కు యానిమేషన్ దర్శకత్వం అప్పగించారు. 1988లో విడుదలైన ఆ సినిమాలో నిజం మనుషులూ గీసిన బొమ్మలూ ఒకే గదిలో తిరిగారు. విలియమ్స్‌కు రెండు ఆస్కార్లు వచ్చాయి. ఆ వెలుగులో వార్నర్ బ్రదర్స్ ‘థీఫ్’కు అండగా నిలిచింది. నిర్మాతగా జేక్ ఎబర్ట్స్ చేరారు. అటెన్‌బరో ‘గాంధీ’కి పెట్టుబడి సమకూర్చిన గోల్డ్‌క్రెస్ట్ సంస్థను స్థాపించింది ఈయనే. పాతికేళ్ల తర్వాత తొలిసారి చేతినిండా డబ్బు, పెద్ద బృందం, పంపిణీదారు ఉన్నారు. దాంతోపాటు ఒక గడువూ ఉంది: 1991.

గడువు దాటింది

ఇక్కడ విలియమ్స్ వైపు నిలబడి మాత్రమే కథ చెప్పడం న్యాయం కాదు. ఆయన పూర్తి స్టోరీబోర్డు ముందుగా వేసుకునే మనిషి కాదు. బాగానే ఉన్న దృశ్యాన్ని ఇంకా బాగా గీయొచ్చని తీసి పక్కన పెట్టేవారు. నెలల తరబడి రాత్రింబవళ్లు గీసిన కుర్రాళ్ల శ్రమ అలా పక్కకు వెళ్లిన రోజులున్నాయి. పెట్టుబడి పెట్టినవాళ్ల ఆందోళనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. హాలీవుడ్‌లో ఇలాంటప్పుడు సినిమా అనుకున్న రోజుకు పూర్తవుతుందని పూచీ ఇచ్చే కంపెనీలుంటాయి. మాట తప్పితే ఆ కంపెనీ సినిమాను తన చేతుల్లోకి తీసుకుని ఎలాగోలా ముగిస్తుంది. 1992 మేలో అదే జరిగింది. అప్పటిదాకా అయినదంతా కలిపి విలియమ్స్ వార్నర్ పెద్దలకు చూపించారు. గట్టిగా పావుగంట సినిమా మిగిలి ఉంది. వార్నర్ తప్పుకుంది. పూచీ కంపెనీ తాళాలు తీసుకుంది.

మిగిలిన భాగాన్ని పూర్తిచేసే పని అమెరికాలో ఫ్రెడ్ కాల్వర్ట్‌కు అప్పగించారు. ఉన్న దృశ్యాలు తెగిపోయాయి, లేని పాటలు చేరాయి. 1993లో ‘ద ప్రిన్సెస్ అండ్ ద కాబ్లర్’ పేరుతో ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో విడుదలైంది. ఆ వెర్షన్‌లో చెప్పులు కుట్టే కుర్రాడు మాట్లాడాడు, పాట కూడా పాడాడు. 1995 ఆగస్టులో మిరామాక్స్ దాన్ని మళ్లీ కోసి ‘అరేబియన్ నైట్’ పేరుతో అమెరికాలో వదిలింది. ఈసారి దొంగ మనసులోని మాటల్ని కూడా ఒక హాస్యనటుడి గొంతుతో వినిపించారు. మౌనం కోసం ముప్పై ఏళ్లు గీసిన రెండు ముఖాల మీద ఎడతెగని మాటలు! నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. డబ్బు అయిపోయి ఆగిపోవడం ఏ సినిమాకైనా జరిగేదే. గీసిన గీత ఏం చెబుతుందో చూడకుండా దాని మీద మాట పూయడం మాత్రం క్షమించరానిది.

మూడు నెలలు తిరక్కుండా, అదే 1995 నవంబరులో ‘టాయ్ స్టోరీ’ వచ్చింది. పూర్తిగా కంప్యూటర్‌లో తయారైన తొలి పూర్తి నిడివి చిత్రం. పెన్సిలు కాలం అయిపోతోందని లోకానికి తెలిసిన ఏడాదే, పెన్సిలు చేయగలిగిన అత్యున్నత పని ముక్కలై బయటికొచ్చింది.

మధ్యలో 1992 నవంబరు ఉంది. డిస్నీ ‘అలాద్దీన్’ విడుదలైన నెల. తలపాగా మంత్రి, కునికే రాజు, అరేబియా నగరం, మామూలు కుర్రాణ్ని ప్రేమించే రాకుమార్తె. జిగ్‌జాగ్‌నూ ‘అలాద్దీన్’లోని మంత్రి జాఫర్‌నూ పక్కపక్కన పెట్టి ‘డిస్నీ ఎత్తుకెళ్లింది’ అనే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. నేను ఆ మాట అనను. రెండింటికీ వెనక 1940 నాటి ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ ఉంది. అందులో దుష్టమంత్రి పేరు జాఫరే, కుర్రదొంగ పేరు అబూ. అబూగా నటించింది మైసూరు రాజ్యంలో మావటి ఇంట పుట్టి, హాలీవుడ్ తారగా ఎదిగిన సాబూ. అలాద్దీన్ భుజం మీద కోతి పేరు అబూ ఎందుకయిందో ఇప్పుడు తెలుస్తుంది. ఇంకో సంగతి ఇంకా ఆసక్తికరం. అలాద్దీన్‌లో జీనీని గీసిన ఎరిక్ గోల్డ్‌బర్గ్ ఒకప్పుడు విలియమ్స్ దగ్గర పనిచేసినవారే. అంటే జీనీని కదిలించిన చేతికీ సోహో స్క్వేర్ గురుకులం అబ్బింది. దొంగతనం కన్నా ఇది విద్య ఇల్లు మారడం లాంటిది.

ఇక అసలు ప్రశ్న. ‘థీఫ్’ 1991లో చెప్పిన రోజుకు వచ్చి ఉంటే? ఆ ఏడాది చివర్లో డిస్నీ ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ వచ్చి, ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి యానిమేషన్ చిత్రమైంది. పాటలు, ప్రేమకథ, మాట్లాడే సామాన్లు. ఆ దారే తర్వాత పదేళ్లు రాజమార్గం అయింది. దాని పక్కనే, పాటలు లేని, నాయకుడే మాట్లాడని, చూపుతోనే నవ్వించి నోరు తెరిపించే మరో సినిమా హాళ్లలో ఉండి ఉంటే యానిమేషన్ అంటే ఇదీ కావచ్చునని ఒక తరం ప్రేక్షకులకు తెలిసేది. డబ్బు వసూలయ్యేదా అంటే అనుమానమే. కథ పలుచన, మధ్యలో నడక నెమ్మది. కానీ మొదటివారం ఖాళీ హాళ్లు చూసి, ఏళ్లు గడిచాక అందరూ తలకెత్తుకున్న సినిమాలు లోకంలో చాలానే ఉన్నాయి. దీనికి ఆ అవకాశం దక్కలేదు.

విలియమ్స్ చాలా ఏళ్లు ఆ సినిమా ఊసెత్తలేదు. ఆ మౌనకాలంలో చేసిన పని మాత్రం తక్కువది కాదు. హారిస్, బాబిట్, నాట్విక్‌ల దగ్గర నేర్చుకున్నదంతా పేర్చి 2001లో ‘ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్’ పుస్తకం వేశారు. మనిషి నడుస్తుంటే ఒంటి బరువు ఏ కాలి నుంచి ఏ కాలికి ఎప్పుడు మారుతుంది, ఆ క్షణంలో తల ఎంత కిందికి దిగుతుంది వంటివి బొమ్మలతో చెప్పిన పుస్తకం. హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకునే పిల్లల బ్యాగుల్లోనూ, బల్లల మీదా, ఫోన్లలోనూ ఇప్పటికీ అదే. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మను నడిపించేవాడూ ముందు ఆ పేజీలే తిప్పుతాడు.

ఈలోగా గారెట్ గిల్‌క్రిస్ట్ అనే అభిమాని దొరికిన పాత వీడియోలు, ప్రింట్లు, రంగులు వేయని పెన్సిలు నమూనాలు పోగుచేసి, విలియమ్స్ అనుకున్న వరసకు దగ్గరగా 2006లో ఒక కూర్పు తయారుచేశారు. రంగులు ఒకచోట నిండుగా, మరోచోట వెలిసిపోయి, ఇంకోచోట వట్టి పెన్సిలు గీతలే. అయినా అది చూస్తుంటే మంత్రి చేతుల్లో పేకముక్కలు జారే చోట ఊపిరి ఆగుతుంది. 2013 డిసెంబరులో లాస్‌ఏంజెలెస్‌లో ఆస్కార్ అకాడమీ, 1992లో చేజారడానికి ముందున్న కూర్పును విలియమ్స్ సమక్షంలో ప్రదర్శించింది. ‘ఎ మూమెంట్ ఇన్ టైమ్’ అని ఆయనే దానికి ఉపశీర్షిక పెట్టారు. 2019లో తుదిశ్వాస విడిచేదాకా గీస్తూనే ఉన్నారు. 2015లో ముగించిన ఆరు నిమిషాల ‘ప్రోలాగ్’కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

మొదటిది బూడిదైంది

ప్రపంచంలో తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం ఏది అంటే పదిమందిలో తొమ్మిదిమంది 1937 నాటి ‘స్నోవైట్’ పేరు చెబుతారు. అంతకు పదకొండేళ్ల ముందు, 1926లో, జర్మనీలో లోటె రైనిగర్ నల్లకాగితం కత్తిరించిన నీడబొమ్మలతో ‘ప్రిన్స్ అహ్మద్’ కథ తీశారు. మన తోలుబొమ్మలాట చూసి పెరిగిన కన్ను ఆ సినిమాను వెంటనే అక్కున చేర్చుకుంటుంది. చేతికి అందుతున్న వాటిలో అన్నిటికన్నా పాతది అదే. అయితే దానికీ తొమ్మిదేళ్ల ముందు ఇంకొకటుంది. అది చేతికి అందదు.

అర్జెంటీనాలో స్థిరపడిన ఇటలీ కుటుంబపు కుర్రాడు క్విరీనో క్రిస్టియానీ. పత్రికలకు కార్టూన్లు వేసేవాడు. ఫెడెరికో వాల్యే అనే నిర్మాత ప్రోత్సాహంతో, 1917లో, ఇరవయ్యొక్కేళ్ల వయసులో ‘ఎల్ అపోస్తోల్’ తీశాడు. కదిలే కీళ్లతో అట్టబొమ్మలు, 58 వేల ఫ్రేములు, గంటకు పైగా నిడివి. కథ అప్పటి దేశాధ్యక్షుడు ఇరిగోయెన్ మీద వ్యంగ్యం. అవినీతిని తుడిచిపెట్టాలని ఆయన దేవలోకానికి వెళ్లి, జూపిటర్ దేవుడి దగ్గర పిడుగులు అడిగి తెచ్చి, బ్యూనస్ ఎయిర్స్ నగరాన్ని కాల్చేస్తాడు. పదవిలో ఉన్న అధ్యక్షుణ్ని ఇంతగా ఎగతాళి చేసిన సినిమా రాజధాని హాల్లో ఆడింది! పూర్తి నిడివి యానిమేషన్ పుట్టుకే పిల్లల కోసం కాదు, రాజకీయ కార్టూన్ కోసం అన్నది మనం మరిచిన సంగతి.

1926లో వాల్యే స్టూడియో తగలబడింది. నాటి నైట్రేట్ ఫిల్ములు ఇట్టే అంటుకునేవి. నగరం కాలిపోవడం చూపించిన సినిమా తానే కాలిపోయింది. క్రిస్టియానీ పట్టు వదల్లేదు. అదే అధ్యక్షుడి మీద ‘పెలుదోపొలిస్’ తీస్తుండగా 1930లో సైన్యం ఆయన్ను దించేసింది. కథ మార్చుకుని 1931లో విడుదల చేశారు. శబ్దంతో వచ్చిన తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రంగా దానికి పేరు. అదీ ఇప్పుడు లేదు. తర్వాత జరిగిన మరో రెండు అగ్నిప్రమాదాల్లో ఆయన జీవితకాలపు పని దాదాపు అంతా పోయింది. 1984లో కన్నుమూసేనాటికి చెప్పుకోవడానికి ఒక చిన్న చిత్రం మిగిలింది.

మనమూ ఈ విషయంలో తలెత్తుకోలేం. దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటీ లేదు. 1931లోనే వచ్చిన ఆ సినిమా ఫొటోలూ పోస్టర్లే మనకు దిక్కు. క్రిస్టియానీ రీళ్లు ఒక్క పెట్టె దొరికి ఉన్నా యానిమేషన్ చరిత్ర పుస్తకాల్లో మొదటి అధ్యాయం కాలిఫోర్నియాలో కాక బ్యూనస్ ఎయిర్స్‌లో మొదలయ్యేది.

టోక్యోలో గీసిన అయోధ్య

మూడోది మనకు బాగా దగ్గరిది. ఎందరో తెలుగు పిల్లలు దాన్ని సెలవుల్లో టీవీలో చూసి, పేరు కూడా తెలియకుండా ప్రేమించారు. అసలు పేరు ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’.

యూగో సాకో జపాన్ డాక్యుమెంటరీ దర్శకుడు. రామాయణంతో ముడిపడిన స్థలాల్లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ తవ్వకాల మీద చిత్రం తీయడానికి 1983లో మన దేశానికి వచ్చారు. ఎవరో జపాన్ వాళ్లు రామాయణాన్నే సినిమా తీసేస్తున్నారని పత్రికలో పడి, నిరసనలు వచ్చాయి. సంగతి అది కాదని ఆయన వివరించుకున్నారు. చిత్రమేమిటంటే, ఆ అపార్థమే ఆయన మనసులో విత్తనమైంది. రామాయణం జపనీయ అనువాదాలు తెచ్చుకుని చదివారు. దీన్ని నటులతో కాక బొమ్మలతోనే తీయాలని తేల్చుకున్నారు. దేవుణ్ని ఏ నటుడు వేసినా నటుడే కనిపిస్తాడన్నది ఆయన ఆలోచన. రాముడంటే ఎన్టీఆర్, శోభన్‌బాబు కళ్లముందు మెదిలే మనకు ఈ ఆలోచన లోతు ఇంకా బాగా తెలుస్తుంది. మనకది కొరత కాదు, వరమే. కానీ రాముణ్ని మొదటిసారి కలుసుకునే జపాన్ పిల్లవాడికి కేవలం రాముడే కావాలి.

భారత ప్రభుత్వంతో కలిసి తీయాలని సాకో ఆశించారు. అంశం సున్నితమైనదని ఢిల్లీ ముందుకు రాలేదు. పని టోక్యోకు వెళ్లింది. భారతీయత తప్పిపోకుండా చూసే బాధ్యత రామ్ మోహన్‌కు దక్కింది. ఈయన కథలో మన తెలుగు చెయ్యి ఒకటుంది. 1956లో ‘బాంబి’కి పనిచేసిన డిస్నీ కళాకారుడు క్లెయిర్ వీక్స్ బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి యానిమేషన్ నేర్పారు. ఆ తొలి శిష్యుల్లో రామ్ మోహన్ ఒకరు. 1968లో ఫిల్మ్స్ డివిజన్ వదిలి ఆయన చేరింది ఎల్.వి. ప్రసాద్ నెలకొల్పిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో, యానిమేషన్ విభాగాధిపతిగా. ఏలూరు దగ్గరి పల్లెటూరి నుంచి బొంబాయి వెళ్లి సినిమా పెద్దగా ఎదిగిన ప్రసాద్, దేశంలో యానిమేషన్‌కు మార్కెట్టే లేని రోజుల్లో దానికోసం ఒక విభాగం నడిపారన్నది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. తర్వాత సత్యజిత్ రాయ్ ‘షత్రంజ్ కే ఖిలాడీ’లో యానిమేషన్ భాగం రామ్ మోహన్ చేతిదే. యునిసెఫ్ కార్టూన్ ‘మీనా’ను గీసిందీ ఆయన బృందమే.

టోక్యోలో పంచె ఎలా కడతారు, నేల మీద ఎలా కూర్చుంటారు, పెద్దలకు ఎలా నమస్కరిస్తారు అన్నవి జపాన్ కళాకారులకు మనవాళ్లు చూపించారు. జపాన్‌లో నమస్కారం నడుము వంచి చేస్తారు, మన దగ్గర చేతులు జోడిస్తారు. వందల మంది కళాకారులు, దాదాపు లక్ష సెల్‌లు (బొమ్మలు గీసే పారదర్శక రేకులు). వనరాజ్ భాటియా సంగీతం, సంస్కృతంలో పాటలు. ఫలితం చూడండి: లంకలో వానర సేన దిగే దృశ్యంలో జపాన్ యుద్ధచిత్రాల వేగం ఉంది, పంచవటి చెట్ల మీద ఎండలో మన అడవి ఉంది. కుంభకర్ణుడు లేచే ఘట్టం చిన్నప్పుడు చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తే.

1992లో సినిమా పూర్తయింది. ఆ డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూలింది, దేశం మండింది. మరుసటి నెల, 1993 జనవరిలో, ఢిల్లీ అంతర్జాతీయ చిత్రోత్సవంలో ‘రామాయణ’ ప్రదర్శించారు. రాముడి పేరే రాజకీయమైన ఆ వాతావరణంలో దేశమంతటా హాళ్లలో ఘనంగా విడుదలయ్యే యోగం దానికి పట్టలేదు. హిందీ వెర్షన్‌లో రాముడికి గొంతిచ్చింది టీవీ రాముడు అరుణ్ గోవిల్. రావణుడికి అమ్రిష్ పురి. ఇంతకన్నా ఏం కావాలి? అయినా టీవీలో కార్టూన్ ఛానెల్ దాన్ని వేసేదాకా పిల్లలకు చేరలేదు. అమెరికాలో 2000 తర్వాత వచ్చిన కూర్పులో రాముడికి గొంతిచ్చిన నటుడు బ్రయాన్ క్రాన్‌స్టన్. ‘బ్రేకింగ్ బ్యాడ్’ చూసిన కుర్రకారుకు ఈ మాట చెబితే నమ్మరు.

2025 జనవరి 24న, శుభ్రం చేసిన 4కే ప్రింటుతో, అది మన హాళ్లకు వచ్చింది. హిందీ, తమిళంతోపాటు తెలుగులోనూ. ఆ కొత్త విడుదలకు సృజనాత్మక సహకారం అందించినవారిలో మన విజయేంద్ర ప్రసాద్ ఉన్నారు. సాకో 2012లోనే వెళ్లిపోయారు. రామ్ మోహన్ 2019లో, వనరాజ్ భాటియా 2021లో. గీసిన చేతులు, పాడించిన చెయ్యి ఏదీ ఆ రోజును చూడలేదు.

అదే ఏడాది జులై 25న ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. తారలు లేరు, తెలుగులో డబ్బింగ్. ఇంటిల్లిపాదీ కదిలి వెళ్లి చూశారు, వసూళ్లు వందల కోట్లు దాటాయి. యానిమేషన్‌కు మన దేశంలో హాల్లో గిరాకీ లేదని పాతికేళ్లు చెప్పిన వ్యాపారులు ఆ వారం నోరు మూసుకున్నారు. ఆ గిరాకీ కొత్తగా పుట్టిందని నేను అనుకోను. 1987, 88లలో ఆదివారం ఉదయం వీధులు ఖాళీ చేసి, హిందీ రాకపోయినా రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ముందు కూర్చున్నది ఈ జనమే. ఆ సీరియల్ అయిన ఐదేళ్లకు, తెలుగు డబ్బింగ్‌తో సాకో రామాయణం విజయవాడలో, వరంగల్‌లో, రాజమండ్రిలో పడి ఉంటే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేవారు. దాని వెనకే మన బొమ్మల సినిమాలు వరస కట్టేవి. 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ మొదలయ్యేనాటికి, 2008లో అక్కడి నుంచి ‘ఛోటా భీమ్’ టీవీకెక్కేనాటికి, యానిమేషన్ అంటే హాల్లో టికెట్టు కొని చూసే సినిమా కూడానని నమ్మే తల్లిదండ్రులు ఊరూరా ఉండేవారు. మన పిల్లలు విదేశీ స్టూడియోలకు ఫ్రేముల లెక్కన గీసిపెట్టిన ఆ ఏళ్లలో, తమ కథలు తామే గీసుకునేందుకు అడిగిందే తడవుగా పెట్టుబడి దొరికేది.